వాసెన కట్టని జాడీలు

ఒకానొక రాజ్యంలో ఆవకాయ లేని ఏడాది ఒకటి వచ్చింది. నవ్వకండి. ఆ ఆవకాయ వెనకాల ఒక తల్లి ప్రాణం ఉంది.

ఆ రాజ్యం కుందనపురి. దాన్నేలే ఆయన మహీధర మహారాజు. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే పొగడ్త చెవిన పడితే చాలు, కళ్ళు వాటంతటవే మూసుకుపోయేవి. కిరీటం తియ్యకుండానే నిద్రపోతారని కూడా అనుకునేవారు ఊళ్ళో. నిజమో కాదో పక్క వేసినవాళ్ళకే తెలియాలి.

ఆయన కొలువులో తవిటయ్య అని ఒకడుండేవాడు. రాజుగారిని నవ్వించడం, నవ్విస్తూ నవ్విస్తూ ఒక మంచిమాట చెవిలో వెయ్యడం వాడి ఉద్యోగం. ఆ పేరెందుకొచ్చిందంటే, వాళ్ళమ్మ నీలమ్మకి వాడికి ముందు పుట్టిన పిల్లలందరూ పుట్టినట్టే పోయారు. అందుకని వీడు పుట్టగానే మంత్రసాని చేతిలో పెట్టేసి, ఇంత తవుడు కొలిచిపోసి మళ్ళీ కొనుక్కుంది. తవుడికి కొన్న బిడ్డ మీద యముడి కన్ను పడదని ఒక నమ్మకం. పడలేదు. వాడు బతికాడు. తండ్రి పోయాక ఆ ఇంట్లో వాడికి ఆమె, ఆమెకి వాడు.

నీలమ్మ కోటలో ఊరగాయలు పెట్టేది. వైశాఖం వచ్చిందంటే కోట వెనక పెరడంతా ఆమెదే రాజ్యం. పీచుకాయ ఏరించడం, తడి లేకుండా తుడిపించడం, ప్రతి ముక్కకీ టెంక ఉండేలా కొట్టించడం, ఆవపిండీ కారం ఉప్పూ నూనే కలిపి నడుమెత్తు జాడీలకెత్తించడం. చివరికి జాడీ మూతికి పాత చీరగుడ్డ కప్పి తాడుతో బిగించేది. దాన్ని వాసెన కట్టడం అంటారు. ఆ ముడి మాత్రం ఇంకొకళ్ళని వెయ్యనిచ్చేది కాదు. "గాలి దూరిందా, ఏడాది కష్టం ఒక్క పూటలో బూజు" అనేది. రాజుగారు చిన్నప్పుడు ఆ పెరట్లోనే, ఆమె చేతి ముద్దలు తిని పెరిగారు.

అలాంటి జాడీలే ఆ ఊళ్ళో ఇంకో చోట కూడా ఉండేవి. వైద్యశాలలో.

ఆ వైద్యశాల ఎలా నడిచేదో చెప్పుకోవాలి. కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టాక, గింజ ఇంటికి చేరకముందే కుమ్మరికింత, కమ్మరికింత, చాకలికింత అని మేర తీసేవారు కదా. అలాగే ప్రతి కళ్ళంలోనూ వైద్యశాలకి ఒక చేటెడు. ఉన్నవాడూ చేటెడే, లేనివాడికి చేట అంచు తాకితే చాలు. ఆ గింజలతో వైద్యుడు మల్లుభట్టు ఏడాది పొడుగునా మనుషుల్ని పోషించేవాడు. వాళ్ళు ఎండాకాలం కొండెక్కి తేనె పట్టేవారు, పిప్పళ్ళు కోసేవారు, వేళ్ళు తవ్వేవారు. లేహ్యాలు ఉడికి, జాడీల్లో ఊరి, చలికాలానికి తయారయ్యేవి. దగ్గుకుంటూ ఎవరొచ్చినా "రా లోపలికి" అనడమే గానీ "ఏం తెచ్చావు" అనేది లేదు.

ఇలా ఉండగా భూషణాచారి అనే మహా పండితుడు మంత్రి అయ్యాడు. ఆయన ఒక రోజు కొలువులో గొంతు సవరించుకుని అన్నాడు: "ప్రభూ, ఒంట్లో బాగున్నవాడు ఒంట్లో బాగాలేనివాడి కోసం గింజలు కొలవడం ఎక్కడి న్యాయం? ఎవడికి రోగమొస్తే వాడు వైద్యశాల గుమ్మంలో సొమ్ము కట్టుకుంటాడు. మేర ఎత్తేద్దాం. ప్రజలు మీకు గుడి కడతారు."

గుడి అనగానే రాజుగారి కళ్ళు మూతలు పడ్డాయి. మేర ఎత్తేశారు.

నిజం చెప్పాలంటే ఊరు కూడా సంతోషించింది. చేటెడు గింజలు మిగిలితే ఎవరికి చేదు? మొదటి ఏడు ఏమీ కాలేదు కూడా. జాడీల్లో పాత లేహ్యం ఉంది కదా. మంత్రిగారు మీసం దువ్వుకుని, "చూశారా? ఆకాశం ఊడిపడిందా?" అన్నాడు.

రెండో ఏడు జాడీలు తేలికయ్యాయి.

నీలమ్మకి ఉబ్బసం. చలి ముదిరితే పడుకోలేదు, దిండు ఒళ్ళో పెట్టుకుని కూర్చునే తెల్లవార్చేది. ఆ మాఘమాసంలో తవిటయ్య తన చేతి కడియం, బంగారు మురుగు తీసి పట్టుకుని వైద్యశాలకి పరిగెత్తాడు. మల్లుభట్టు మురుగు వైపు చూడనే లేదు. జాడీలోకి చెయ్యి భుజం దాకా దూర్చి, అడుగున అంటుకున్నది గరిటెతో గీకి ఆకులో పెట్టిచ్చాడు.

"ఇదే ఆఖరు తవిటయ్యా. దీంతో ఈ చలి గట్టెక్కుతుంది. వచ్చే చలికి నా దగ్గరేం లేదు."

"ఒక్క మా అమ్మకి సరిపడా చెయ్యలేవా భట్టుగారూ? ఖర్చు నాది."

"ఒక్క గిన్నెడు చెయ్యాలన్నా కొండెక్కే మనిషి కావాలి కదయ్యా. గింజలు ఆగిపోయాక వాళ్ళేం తిని ఉంటారు? పెళ్ళాం బిడ్డల్నేసుకుని సముద్రం వైపు వెళ్ళిపోయారు. మళ్ళీ మేర పోయిస్తానని రాజుగారు మాటిస్తే, కబురంపి ఈ ఎండాకాలంలోగా పిలిపించగలను. వానలు పడ్డాయా, ఇంక కొండమీద తేనె ఉండదు."

అదీ సంగతి. తవిటయ్య చేతిలో ఒక్క ఎండాకాలం ఉంది.

ఉగాది నాడు పంచాంగం చదవడం అయ్యాక వాడు లేచి చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, మేర మళ్ళీ పోయించండి. ఇప్పుడు కొండకి మనుషులు వెళ్ళకపోతే వచ్చే చలికి ఉబ్బసం వాళ్ళకి మందుండదు."

రాజుగారు ఆవలించారు. "ఏరా తవిటా, పండగపూట దగ్గుల గోలేంట్రా? ఏదైనా నవ్వొచ్చేది చెప్పు."

భూషణాచారి అందుకున్నాడు. "వచ్చే చలికి ఎవరికి దగ్గొస్తుందో ఇప్పుడే తెలుసా నీకు? జోస్యం కూడా మొదలెట్టావా? రాని రోగానికి ముందే ఖర్చు దండగ. రోగం రానీ, వచ్చినవాడు కొనుక్కుంటాడు. చేతిలో బంగారముంటే దొరకనిదేముంది?"

"ఆకలేశాక నారు పోసుకున్నట్టుంటుంది స్వామీ" అన్నాడు తవిటయ్య.

కొలువులో కిసుక్కుమన్నారు. మంత్రిగారి మొహం కందిపోయింది.

"మాటలు కాదు! కోట వంటిల్లు ఏడాదిపాటు నీకప్పగిస్తాం. నా పద్ధతిలో నడుపు. అడిగిందే కొను, అడిగినప్పుడే కొను. ప్రభువుల విస్తట్లో ఒక్క వస్తువు లోటొచ్చినా నాదే తప్పు. మేర గంప నెత్తిన పెట్టుకుని కళ్ళం కళ్ళానికీ నేనే తిరుగుతాను. లోటు రాకపోతే నువ్వు గుండు గీయించుకుని ఊరు విడిచిపోవాలి. సమ్మతమేనా?"

"భేష్!" అని రాజుగారు తొడ చరిచారు. ఆయనకి పందేలంటే మహా సరదా.

తవిటయ్య ఒప్పుకున్నాడు. వాడి లెక్క వాడిది. మహా అయితే ఒక నెల, వంటిల్లు తలకిందులవుతుంది, రాజుగారి కళ్ళు తెరుచుకుంటాయి, వానలకి ముందే మనుషులు కొండెక్కుతారు అనుకున్నాడు.

ఇంటికెళ్ళి తల్లికి చెప్పాడు. "అమ్మా, ఈ ఏడు కోటలో ఆవకాయ పెట్టకు."

ఆమె చేటలో ఆవాలు చెరుగుతోంది. చెయ్యి ఆగిపోయింది. "పెట్టొద్దా? అదేంట్రా, కాయ పక్వానికొచ్చింది కదా."

"ఇప్పుడెవరూ అడగలేదు కదమ్మా. అడిగినప్పుడే పెట్టాలి. పందెం."

"ఒరే, అడిగినప్పుడు కాయెక్కడుంటుందిరా?"

"ఆ మాట వాళ్ళ నోటితో వాళ్ళే అనాలమ్మా."

నీలమ్మకి అర్థమైంది. "సరేలే. కానీ తవిటీ, ఈ ఏడు పెట్టకపోతే మళ్ళీ నేనెప్పుడు పెడతాన్రా?" అంది.

ఆమె చేట పక్కన పెట్టి, చెరిగిన ఆవాలు మూటకట్టి అటకమీద పెట్టింది.

అయితే వాడి లెక్క తప్పింది. కోట కొట్లో నిరుటి జాడీలు ఇంకా ఉన్నాయి. పాత బియ్యం ఉంది, పాత నెయ్యి ఉంది. రాజుగారు రెండు పూటలా తృప్తిగా భోంచేసి తేన్చేవారు. వైద్యశాలకి మొదటి ఏడు ఏమీ కాలేదు కదా, కోటకీ అలాగే ఏమీ కాలేదు. మంత్రిగారు వంటింటి గుమ్మంలోకి తొంగిచూసి, "ఏం తవిటయ్యా, మంగలికి కబురంపమంటావా?" అని పోయేవాడు.

జ్యేష్ఠం గడిచింది. మొదటి వాన పడ్డ సాయంత్రం తవిటయ్య వంటింటి అరుగు మీద కూర్చుని కొండ వైపు చూశాడు. మబ్బు కొండ నెత్తిమీదికి దిగిపోయింది. తేనె కాలం అయిపోయింది. ఇంక పందెం గెలిచినా వాళ్ళమ్మకి ఒరిగేదేమీ లేదు. ఆ సంగతి వాడికి తెలుసు. లేచి వెళ్ళిపోదామా అనుకున్నాడు కూడా. కానీ ఆ వానలోనే వీధిలో ఎవరో దగ్గుతూ పోతున్నారు. ఎవరి తల్లో, ఎవరి తండ్రో. వాడు మళ్ళీ లోపలికెళ్ళి పొయ్యి రాజేశాడు.

శ్రావణంలో పొడి కట్టెలు అయిపోయాయి. ఎండాకాలంలో పేర్పించలేదు కదా. స్నానానికి వెచ్చటి నీళ్ళకి బదులు పొగొచ్చింది. రాజుగారు తుమ్ముతూ తుమ్ముతూ స్నానం చేశారు. మంత్రిగారు ఎక్కడినుంచో మూడింతల ధర పోసి కట్టెలు తెప్పించి, "దొరికాయా లేదా? బంగారముంటే కొండమీది కోతి కూడా దిగొస్తుంది" అన్నాడు.

కార్తీకం వచ్చింది. నీలమ్మ మళ్ళీ దిండు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం మొదలెట్టింది. మల్లుభట్టు వచ్చి అల్లం రసం ఇచ్చాడు, మిరియాల కషాయం ఇచ్చాడు, ఇచ్చేటప్పుడు ఆమె మొహం వైపు చూడలేకపోయాడు. "నువ్వేం చేస్తావు నాయనా" అని ఆమే ఆయన్ని ఓదార్చింది.

ఆ రోజుల్లోనే పొరుగు రాజు వీరకేతు మహారాజు కుందనపురికి చుట్టపుచూపుగా వచ్చారు. పెద్ద బంతి భోజనం. అరిటాకులు పరిచారు. పొగలు కక్కే అన్నం, ముద్దపప్పు, దాని నెత్తిన గుంట చేసి నెయ్యి.

"మీ కోట ఆవకాయ గురించి మా దేశంలో కథలు చెప్పుకుంటారు" అన్నారు వీరకేతు మహారాజు. "నిజానికి దానికోసమే వచ్చాం."

రాజుగారి ఛాతీ ఉబ్బింది. "తవిటా! ఆవకాయ!"

తవిటయ్య జాడీలోకి వంగాడు. అడుగు కనిపిస్తోంది. నిరుటి ముక్క పొద్దుటే అయిపోయింది. వాడు వెండి పళ్ళెం పట్టుకొచ్చి, ఇద్దరు రాజుల ఆకుల్లోనూ పప్పు పక్కన చెరి మూడు బంగారు నాణేలు పెట్టి, పైన కాస్త నూనె కూడా పోశాడు.

"ఇదేంట్రా?"

"ఆవకాయే ప్రభూ. ఇప్పుడే అడిగారు కదా, ఇప్పుడే కొనాలి. బంగారం సిద్ధంగా ఉంది. మామిడికాయే ఇంకా చెట్టుకి రాలేదు. తమరు ఒక నాలుగైదు నెలలు అన్నం కలుపుతూ ఉండండి, ఈలోపు పూత పడి కాయ దిగుతుంది."

వీరకేతు మహారాజు నాణెం పైకెత్తి చూసుకున్నారు. వేలికంటిన నూనె కూడా నాకి చూశారు. బంతంతా బిక్కచచ్చిపోయింది.

భూషణాచారి ఆకు ముందునుంచి లేచి నిలబడ్డాడు. కోపంతో పిలక ఊగిపోతోంది. "మూర్ఖుడా! కార్తీకంలో కాయెక్కడ దొరుకుతుందిరా? ఎండాకాలంలోనే పెట్టుకోవాలని చంటిపిల్లకి కూడా తెలుసే! నోరూరాక చెట్టెక్కుతామా? అవసరానికి ముందే జాడీ నింపుకోవద్దూ?"

"ఎండాకాలంలో ఎవరూ అడగలేదు కదా స్వామీ. రాని ఆకలికి ముందే ఖర్చెందుకు?"

"ఆకలి ఎప్పటికైనా రాకుండా పోతుందా? ఇవాళ కాకపోతే రేపు, నాకు కాకపోతే ఇంకొకడికి! అప్పటికప్పుడు బంగారం నములుతామా?"

తవిటయ్య చేతులు జోడించాడు. "ఆ మాట ఇంకోసారి అనండి స్వామీ. కాస్త గట్టిగా. వైద్యశాల దాకా వినపడాలి."

భూషణాచారి ఆకు ముందు మళ్ళీ చతికిలబడ్డాడు.

ముందు వీరకేతు మహారాజు నవ్వారు. తర్వాత మన రాజుగారి భుజాలు కదిలాయి. ఆపుకోవాలని చూశారు, కుదరలేదు. కిరీటం పక్కకి ఒరిగేదాకా నవ్వారు. "ఓడిపోయారు మంత్రిగారూ! మీ వాదానికి మీరే వాసెన కట్టేశారు!" అని కళ్ళు తుడుచుకుని, "తవిటా, కోరుకో. ఏదైనా కోరుకో" అన్నారు.

"కళ్ళంలో చేటెడు గింజలు ప్రభూ. ముందున్నట్టే."

"ఇచ్చాం! మరి నీకేం కావాలిరా? బంగారం?"

"ఇందాకే వడ్డించాను కదా ప్రభూ. ఎవరూ తినలేకపోయారు."

రాజుగారు మళ్ళీ నవ్వి, "సరే సరే. వచ్చే వైశాఖం మీ అమ్మని రెండింతలు పెట్టమను. వీరకేతులవారికి కూడా పంపుదాం" అన్నారు.

ఎప్పుడూ జవాబు నాలిక చివర ఉండే తవిటయ్య తల వంచుకుని నిలబడ్డాడు. రాజుగారి నవ్వు మధ్యలో ఆగింది.

"ఏమైంది? మీ అమ్మకేమైంది తవిటా?"

"ఉబ్బసం ప్రభూ. ఆ మందు కూడా ఎండాకాలంలోనే పెట్టుకోవాలి."

రాజుగారు ఆకు ముందునుంచి చెయ్యి కడగకుండానే లేచారు. ఆ సాయంత్రమే గుర్రాలు నాలుగు దిక్కులకీ పోయాయి, సంచులనిండా బంగారంతో. ఒకడు వట్టి చేతులతో తిరిగొచ్చాడు. ఇంకొకడు తేనె అని తెచ్చింది మల్లుభట్టు వేలితో రుచిచూసి, బెల్లం పాకం అని పక్కన పెట్టేశాడు. మిగిలినవాళ్ళదీ అదే కథ.

మర్నాడు రాజుగారు నీలమ్మ ఇంటికి స్వయంగా వెళ్ళారు. గుమ్మం పొట్టిది. కిరీటం తగిలింది. ఒకసారి వెనక్కి తగ్గి, కిరీటం తీసి తవిటయ్య చేతికిచ్చి, తల వంచుకుని లోపలికొచ్చారు.

నీలమ్మ దిండు మీద గడ్డం ఆనించి కూర్చునుంది. ఆయన్ని చూసి నవ్వింది. "బాబూ, నువ్వా? చిక్కిపోయావేం నాయనా? వీడు వంటింట్లో సరిగ్గా పెట్టడం లేదు కదూ?"

"అమ్మా, నేను" అని రాజుగారు ఏదో అనబోయారు.

ఆమె చేత్తో వద్దని, అటక వైపు చూపించింది. "తవిటీ, ఆ మూట వెనకాల చూడు."

ఆవాల మూట కట్టిన గుడ్డ వెనక ఒక చిన్న జాడీ. దోసెడు కాయలు పట్టేంత. మూతికి ఆమె పాత చీరగుడ్డతో వాసెన. తవిటయ్య దాన్ని దించి ఆమె ముందు పెట్టాడు.

"పందెం కోటకే కదరా" అంది ఆమె, ఊపిరికీ ఊపిరికీ మధ్య. "మనింటికి కాదు కదా. నువ్వు గెలుస్తావని తెలుసు. గెలిచాక ఈ బాబు ఏం తింటాడని పెట్టాను."

ముడి ఆమే విప్పింది. ఇంకెవర్నీ పట్టుకోనివ్వలేదు. వేడన్నం తెమ్మని, తనే కలిపి, చిన్నప్పుడు పెట్టినట్టే ముద్ద చేసి రాజుగారి అరచేతిలో పెట్టింది. ఆయన తిన్నారు. కళ్ళవెంట బొటబొటా నీళ్ళు కారాయి.

"కారం ఎక్కువైందా బాబూ?"

"ఎక్కువైందమ్మా" అన్నారు రాజుగారు, నవ్వుతూ, ముక్కు ఎగబీలుస్తూ. "ఇంకో ముద్ద పెట్టు."

మార్గశిరంలో ఒక తెల్లవారుజామున నీలమ్మ కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. దిండు అలాగే ఒళ్ళో ఉంది.

ఆ కోతలకి మాటిచ్చినట్టే మేర పోశారు. మొదటి చేట రాజుగారి సొంత కళ్ళంలో, ఆయన చేత్తోనే. భూషణాచారి పట్టు ఉత్తరీయం చుట్టకుదురుగా చుట్టుకుని, గంప నెత్తిన పెట్టుకుని గట్లమీద తడబడుతూ తిరుగుతుంటే ఊరు ఊరంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. తవిటయ్య నవ్వలేదు. మంత్రిగారు గట్టుమీద జారినప్పుడు వెళ్ళి గంపకి ఒక చెయ్యేశాడు, అంతే.

"నీకింకా ఏమీ ఇవ్వలేదు తవిటా" అన్నారు రాజుగారు అక్కడే. "మాన్యం ఇస్తాను. అడుగు."

"మా అమ్మ ఊరగాయ జాడీలిప్పించండి ప్రభూ. కోటలో ఖాళీగా పడున్నాయి."

"కోటంతా అడగమంటే ఖాళీ జాడీలడుగుతావేంట్రా!" అని రాజుగారు నవ్వారు. ఆ నవ్వుతోనే ఆయన కళ్ళు మళ్ళీ తడయ్యాయి. జాడీలు బళ్ళమీద వైద్యశాలకి తోలించారు. మాన్యం కూడా ఇచ్చారు, వాడు దాన్ని కొండెక్కే మనుషుల పేర రాయించాడు.

వాళ్ళు తిరిగొచ్చారు. ఎండాకాలంలో తేనె దిగింది. జాడీలు కడిగి ఎండలో బోర్లించారు. ఎంత కడిగినా ఒకదానికి మాత్రం ఆవ ఘాటు పోలేదు. మల్లుభట్టు దాన్ని పక్కన పెట్టేద్దామన్నాడు. తవిటయ్య ఒప్పుకోలేదు. లేహ్యం అందులోకి కూడా ఎత్తించి, తల్లి చీర చింపి, ముడి తనే వేశాడు.

ఆ చలికాలం ఒక ముసలామె దగ్గుకుంటూ, మెట్టుమెట్టుకీ ఆగుతూ వచ్చింది. "రా లోపలికి" అన్నారు. తవిటయ్య వాసెన విప్పి, లేహ్యం ఆకులో పెట్టిచ్చాడు.

ఆమె నాలిక మీద వేసుకుని మొహం చిట్లించింది. "ఇదేంటి నాయనా, మందు ఆవకాయ వాసనొస్తోంది?"

"మా అమ్మ జాడీ అవ్వా" అన్నాడు తవిటయ్య. "తిను. ఇంకా ఉంది."